రెండో గడి

బిండరీ
28 జనవరి 2003

అన్నయ్యా,

నీ మోకాలు ఎలా ఉందో అడగను. అడిగితే బాగానే ఉందంటావు, అది అబద్ధమని నాకు తెలుసు, ఇద్దరికీ సిరా దండగ. అసలు విషయం రాస్తాను. నేను నిలబడుతున్నాను, రాష్ట్ర అసెంబ్లీకి, ఏ పార్టీ లేకుండా.

ఇక నవ్వు. కార్వల్ రైల్వే క్లబ్బులో నీ పక్కన కూర్చునే ముసలాళ్ళకి కూడా చెప్పి నవ్వించు. చిన్న ఊరి పేపర్లో కోపం కాలమ్ రాసుకునే రిటైర్డ్ బడి పంతులమ్మకి ఎమ్మెల్యే సీటా అని వాళ్ళనుకుంటారు. అనుకోనీ. పదహారేళ్ళుగా ఆ సీటులో కూర్చున్న వారిక్ హాడన్ ఏం పొడిచాడు? మా ఆసుపత్రి పురుళ్ళ వార్డు ఏప్రిల్ ముప్ఫైన మూసేస్తామని జిల్లా ఆరోగ్య బోర్డు అంటే, ఆయన తల ఊపాడు. అంతే, తల ఊపాడు. ఆ తరవాత కాన్పు నొప్పులొచ్చిన ఆడది నూట తొంభై కిలోమీటర్లు కార్లో పడి మీ కార్వల్ దాకా రావాలట. పోయిన ఆగస్టులో, వార్డు తెరిచి ఉన్నప్పుడే, ఇక్కడికి వస్తూ టపా కాంట్రాక్టరు భార్య మెర్రీ వాగు దగ్గర, నీళ్ళు దిగేదాకా ఆగిన కారు వెనక సీట్లో కన్నది. కన్నాక ఆ పిల్ల కాసేపు ఏడవలేదట. ఆ కాసేపు ఎంతసేపో హాడన్‌ని లెక్కపెట్టమను.

నీ కూతురు నరెల్‌కి జూన్‌లో నెలలు నిండుతాయి. నా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది. రోజూ సాయంత్రం నా గేటు ముందు నుంచే నడుస్తుంది. ఆ నడక చూస్తూ నేను కాలమ్‌లు రాసుకుంటూ కూర్చోలేను.

మంత్రసాని బెర్నీ రట్లీ కూడా నిలబడుతోందట. ఆవిడ సంగతి నాకు చెప్పకు. వారానికి మూడు రోజులు, సోమ మంగళ బుధ, వార్డు తెరిచి ఉంచితే చాలని బోర్డు కాగితం మీద సంతకం పెట్టిన మనిషి. పిల్లలు గురువారం పుట్టకూడదన్నమాట.

ఒక్కటి మాత్రం చెప్పాలి. నామినేషన్ ఫారం తెచ్చుకున్నాను. ఒకే ఒక్క కాగితం, అన్నయ్యా. పదిహేను మంది ఓటర్లు సంతకం పెడితే చాలు. మంత్రులకీ అదే కాగితం, నాకూ అదే. ముప్ఫై ఏళ్ళుగా ఈ వ్యవస్థని తిడుతున్నాను. నిన్న వంటింటి బల్ల మీద ఆ కాగితం పరిచి, ముట్టుకోవడానికి ముందు చేతులు కడుక్కున్నాను. ఎందుకో అడగకు.

నీ చెల్లెలు,
గ్లెనిస్


కార్వల్
6 ఫిబ్రవరి

గ్లెనీ,

మోకాలు బాగానే ఉంది.

నవ్వలేదు. క్లబ్బులో చెప్పాను, ఎవరూ నవ్వలేదు. ముసలి ఆర్చీ మాత్రం, "అమ్మాయి గెలిస్తే స్పీకర్‌కి చెవుల్లో దూది పెట్టుకోమని చెప్పండి" అన్నాడు. అది పొగడ్తే.

నేను రైలు పట్టాలు బిగించి బతికినవాణ్ణి, నాకు రాజకీయం తెలీదు. కానీ నలభై ఏళ్ళుగా ప్రతి ఎన్నికకీ ఎవరో ఒకరి తరఫున లెక్కింపు బల్ల దగ్గర ఏజెంటుగా నిలబడ్డాను, ఓట్ల కాగితాలు ఎలా చస్తాయో తెలుసు. అది చెబుతా విను. మన రాష్ట్రంలో ఓటరు పేర్ల ఎదుట గడుల్లో తనకి నచ్చిన వరసలో అంకెలు వేస్తాడు, కావాలంటే ఒక్క గడిలో ఒకటి అంకె వేసి మిగతావి ఖాళీగా వదిలెయ్యొచ్చు. చెల్లుతుంది. కానీ ఎవరికీ సగం దాటక, తక్కువ ఓట్ల వాళ్ళని తీసేస్తున్నప్పుడు, ఆ ఒకటి ఎవరికి వేశారో ఆ మనిషి పోటీలోంచి పడిపోయిందనుకో, ఆ కాగితం అక్కడే ప్రాణం వదుల్తుంది. రెండో గడి కూడా నింపి ఉంటే లేచి నడిచి ఇంకొకరి కట్టలోకి పోతుంది. కాబట్టి నీ సూచన కార్డు మీద, ఓటర్ల చేతికిచ్చే ఆ చిన్న కార్డు మీద, ఒకటి నీకు, రెండు బెర్నీకి అని వేయించు. మూడు రోజులో ఏడు రోజులో, మీ ఇద్దరి గొడవా ఆ వార్డు గురించే. హాడన్‌కి నలభై ఐదు శాతం వస్తుంది. మీరిద్దరూ మిగతాది చీల్చుకుని, ఆ చీలికలు ఒకదానికొకటి చేరకపోతే, ఆయన కాలు మీద కాలేసుకుని గెలుస్తాడు.

నీతో ఇంకొక మాట చెప్పాలి. ఉత్తరంలో రాసేది కాదు. కలిసినప్పుడు చెబుతాను.

నరెల్‌ని బరువులు ఎత్తొద్దని చెప్పు. నేను చెబితే వినదు, నీకు భయపడుతుంది.

క్లారీ


బిండరీ
17 ఫిబ్రవరి

అన్నయ్యా,

వెయ్యను. నా కార్డు మీద అందరి పేర్లూ ఉన్నా అంకె ఒక్కటే ఉంటుంది: నా పేరు ఎదుట ఒకటి. కింద పెద్ద అక్షరాల్లో, "ఒక్క అంకె చాలు".

నీ లెక్క నాకు అర్థం కాక కాదు. నేను పిల్లలకి ఇరవై తొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పాను. కానీ బెర్నీ పేరు పక్కన రెండు వెయ్యమని జనానికి నేనే చెబితే, ఆ మూడు రోజుల ఒప్పందానికి నేను కూడా సంతకం పెట్టినట్టే. పార్టీల వాళ్ళు కార్డుల మీద అంకెలు మార్చుకునేది చూసి చూసి విసుగెత్తే కదా నేను నిలబడింది? నీకు రెండు, నాకు మూడు, వాడికి ఐదు, అది సంతలో గొర్రెల బేరం. ఓటరేమన్నా గొర్రెనా?

సరే, ఊళ్ళ సంగతి విను. పదకొండు రోజుల్లో రెండు వేల కిలోమీటర్లు తిరిగాను. నిన్న ఒక గొర్రెల ఫారానికి వెళ్ళాను, ఆఖరి గేటు నుంచి ఇల్లు పద్నాలుగు కిలోమీటర్లు. మిసెస్ ఆల్డర్‌సన్ అని ఎనభై ఎనిమిదేళ్ళావిడ, ఒక్కతే. టీ పెట్టింది, కొబ్బరి కోరు అద్దిన కేకు ముక్కలు పెట్టింది, కూర్చోబెట్టి పరీక్ష పెట్టింది. వార్డు సంగతి, నీటి వాటా సంగతి, బడి బస్సు సంగతి. నేను ఒక దాని మీద దబాయించబోతే, "అమ్మాయ్, అది నీకు తెలీదు. తెలీదని చెప్పు, నేనేమీ అనుకోను" అంది. చెప్పాను. నా నోటి నుంచి ఆ మాట వచ్చి ఎన్నేళ్ళయిందో. తరవాత గోడ మీది క్యాలెండర్ చూపించింది. పోలింగ్ రోజు, మార్చి ఇరవై రెండు, దాని చుట్టూ గుండ్రంగా గీత. పోస్టులో ఓటు పంపొచ్చు కదా, నూట ఇరవై కిలోమీటర్లు ఎందుకు అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇంకా నాతోనే ఉంది. "పెట్టెలో నా చేత్తో వేస్తాను" అంది.

తిరుగు దారిలో మూడు గేట్లూ తీసి మళ్ళీ వేస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడ్డానికి ఎవరూ లేరనుకో. నేను సాధారణంగా ఆగను కదా.

నువ్వు చెప్పాల్సిన ఆ మాటేదో రాయొచ్చుగా. రహస్యాలు నాకు పడవు.

గ్లెనిస్


బిండరీ
7 మార్చి

క్లారెన్స్,

నిన్న మీ ఊరొచ్చాను. బ్యాలట్ కాగితం మీద పేర్ల వరస తేల్చే రోజు కదా. మీ ఇంటికి రాలేదు. ఎందుకు రాలేదో నీకు తెలుసు, అయినా రాస్తాను.

రిటర్నింగ్ అధికారి గది గోడకి నామినేషన్లు అంటించి ఉన్నాయి. బెర్నడెట్ రట్లీ కాగితం, పదిహేను సంతకాలు, ఏడోది నీది. క్లారెన్స్ ఆల్బర్ట్ టారంట్. ఆ తోక పొడుగ్గా లాగే టారంట్‌ని నేను చీకట్లో తడిమి కూడా గుర్తుపడతాను. నరెల్ తండ్రివి. నా అన్నవి. కలిసినప్పుడు చెబుతానన్న మాట ఇదన్నమాట. రెండో గడిలో బెర్నీ పేరు వేయించమని నాకు సలహా ఇచ్చింది ఆవిడ మనిషిగా అన్నమాట.

ఇంతకీ వరస తేలింది. చిన్న తీగల పంజరం, దానిలో ఐదు గోళీలు. హాడన్ తళతళలాడే బూట్లతో, ఇద్దరు అనుచరులతో వచ్చాడు. తేనెటీగలు పెంచుకునే ఆస్టర్లీ ముసలాయన టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, ఆయనకి మూడు వందల ఓట్లు వస్తే గొప్ప. రోడ్ల గుంటల మీద కోపంతో నిలబడ్డ లారీ డ్రైవరు ఒకాయన. బెర్నీ. నేను. రిటర్నింగ్ అధికారి, పొట్టి మనిషి, ఎక్కడో బ్యాంకు గుమాస్తాలా ఉన్నాడు, ఆ పంజరాన్ని తిప్పాడు. గోళీలు దొర్లిన చప్పుడుకి హాడన్ కూడా నోరు మూశాడు. ఆ గదిలో ఎవరికీ ఎవరి మీదా అధికారం లేదు, గోళీకి బూట్లు కనబడవు. మొదటి పేరు ఆస్టర్లీది వచ్చింది. ఆయన టోపీ గుండెకి ఆనించుకున్నాడు. నీ మీద ఒళ్ళు మండిపోతున్నా ఇది నీకు కాక ఇంకెవరికి రాస్తాను అని రాశాను. అంతకు మించి ఏమీ లేదు.

బెర్నీ నాతో మాట్లాడ్డానికి మెట్ల దాకా వచ్చింది. నేను కారు తలుపేసుకున్నాను. ఆవిడ తన కార్డు మీద రెండో అంకె హాడన్‌కి ఇస్తోందని ఇక్కడ బేకరీలో అందరికీ తెలుసు.

జి. టారంట్


కార్వల్
10 మార్చి

గ్లెనీ,

"జి. టారంట్"ట. బడిలో అటెండెన్స్ పిలుస్తున్నావా?

విను. తిట్టే ముందు ఆఖరి దాకా చదువు. బెర్నీ నా వరండాలోకి వచ్చి సంతకం అడిగింది జనవరి ఇరవైన. ఆ నెల మొదట్లో నువ్వు రాసిందేమిటి? "చచ్చినా ఆ అసెంబ్లీ పశువుల దొడ్లో అడుగు పెట్టను." దాచి ఉంచాను, కావాలంటే పంపుతాను. వార్డు కోసం ఎవరో ఒకరు నిలబడుతున్నారు కదా అని పెట్టాను. ఎనిమిది రోజుల తరవాత నీ ఉత్తరం. అప్పుడు చెప్పి ఉండాల్సింది. పిరికితనం, ఒప్పుకుంటాను. మన ఇంట్లో ధైర్యం అంతా నీ వాటాకే వచ్చింది.

ఇంకోటి. మూడు రోజుల కాగితం మీద ఆవిడ సంతకం ఎందుకు పెట్టిందో ఎప్పుడైనా అడిగావా? నేను అడిగాను. డిసెంబరులోనే మంచాలూ, పిల్లల గుండె వినే ఆ మిషనూ ఎత్తుకుపోవడానికి లారీ మాట్లాడేశారట. అది ఒకసారి కదిలితే తిరిగి రాదు. సంతకం పెడితే, ఎన్నికలయ్యే దాకా వార్డులో సూది కూడా కదపకూడదని దానిలో ఒక షరతు రాయించింది. లారీ వెనక్కి పోయింది. మూడు రోజుల సంగతి బయటికి పొక్కింది, షరతు సంగతి పొక్కలేదు. ఆవిడ నోరు నీలాంటిది కాదు. చెప్పుకోదు.

సూచన కార్డులు రిజిస్టరు చేయించడానికి ఆఖరి గడువు ఈ శుక్రవారం, పధ్నాలుగు. ఆ తరవాత అక్షరం మార్చలేవు. మంగళవారం టపాలో వేస్తున్నాను, గురువారానికి నీ చేతిలో ఉంటుంది. గ్లెనీ, రెండో గడి.

క్లారీ


బిండరీ
19 మార్చి

అన్నయ్యా,

నీ ఉత్తరం గురువారమే వచ్చింది. నీ దస్తూరీ చూసి, విప్పకుండా గడియారం వెనక పెట్టాను. ఆరు రోజులు అక్కడే ఉంది. ఇవాళ గడియారానికి తాళం తిప్పుతుంటే కింద పడింది.

కార్డులు పదో తారీఖు సోమవారమే రిజిస్టరయ్యాయి. ఇరవై మూడు పోలింగ్ కేంద్రాలకి కట్టలు వెళ్ళిపోయాయి. "ఒక్క అంకె చాలు." నా అక్షరాలే, నా పొగరే.

మార్చడానికి వీలుందా అని ఫోన్ చేశాను. ఆ అధికారి చాలా మర్యాదగా లేదన్నాడు. పెన్సిల్‌తో దిద్ది పంచినా రిజిస్టరు కాని కార్డు కిందే లెక్క. ఊరూరా తిరిగి నోటితో చెబుదామంటే మిగిలింది రెండు రోజులు.

లారీ సంగతి నిజమేనని ఆసుపత్రి తోటమాలి చెప్పాడు. ఆయనే గేటు తీసి తిప్పి పంపాడట. మూడు నెలలుగా ఊళ్ళో అందరికీ కాలమ్‌లో బుద్ధి చెబుతున్నాను, నా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న తోటమాలిని ఒక్క ప్రశ్న అడగలేదు. ఇతరుల్లో ఇలాంటిది చూస్తే దాన్ని ఏమంటానో నీకు తెలుసు.

అభ్యర్థి లెక్కింపు గదిలోకి పోకూడదు. ఏజెంటుని పంపుకోవాలి. ఫారం మీద సంతకం పెట్టి దీనితో పంపుతున్నాను, ఏజెంటు పేరు దగ్గర ఖాళీ వదిలాను. నీకు మనసొప్పితే నీ పేరు రాసుకో. ఒప్పకపోతే పొయ్యిలో పడెయ్యి.

బెర్నీ రెండో అంకె హాడన్‌కి ఇచ్చినా ఇప్పుడు నేనేమీ అనలేను. నేనైతే ఇంకా ఘోరమైనదే చేసేదాన్ని.

గ్లెనిస్


బిండరీ
23 మార్చి, ఆదివారం

అన్నయ్యా,

అయిపోయింది. నిన్న ఉదయం ఎనిమిదికి బడి గేటు తెరిచారు. కాల్చిన సాసేజీల వాసన, ఉల్లిపాయల వాసన, బడి తల్లులు కేకులమ్మే బల్ల. ఎప్పుడూ ఉండేవే.

బెర్నీ గేటుకి అటు వైపు, నేను ఇటు. నేను వెళ్ళి ఒక కార్డు అడిగాను. నా చేతికిచ్చింది. ఒకటి, రట్లీ. రెండు, టారంట్.

బేకరీలో అందరికీ తెలుసునని రాశాను కదా నీకు.

"ఎందుకు?" అన్నాను.

"వార్డు గురించి అరిచేది నువ్వొక్కదానివే కదా గ్లెనిస్," అంది. "నేను అరవలేను. నేను ఓడితే నువ్వన్నా అరవాలి."

నా కార్డు ఇమ్మని అడగలేదు. అప్పటికే చూసి ఉంటుంది. నేను పన్నెండు గంటలకి నా కార్డులు సంచిలో పెట్టేసి ఖాళీ చేతులతో నిలబడ్డాను. ఒక కేంద్రంలో నిలబడ్డాను, మిగతా ఇరవై రెండింట్లో నా పొగరు ఇంకా పంచుతూనే ఉన్నారు.

మూడు గంటలకి మిసెస్ ఆల్డర్‌సన్ వచ్చింది. టోపీ, చేతికి తొడుగులు. నూట ఇరవై కిలోమీటర్లు తనే నడుపుకుని వచ్చింది, అన్నయ్యా, ఎనభై ఎనిమిదేళ్ళావిడ. నా దగ్గర కార్డు లేదని చూసి, "నయం. నాకెవరూ చెప్పక్కర్లేదు" అంది. లోపల చాలాసేపు ఉంది. తాడుకి కట్టిన పెన్సిల్ పట్టుకుని అట్ట అడ్డం వెనక వంగి ఉంది, తల మాత్రం కనబడింది, టోపీ కదల్లేదు. ఎవరూ తొందర పెట్టలేదు. వరసలో ఉన్న గొర్రెల కత్తిరింపు వాళ్ళు, చొక్కాల నిండా ఊలు జిడ్డు, టోపీలు తీసి నిలబడ్డారు.

నాకేం కావాలని అడిగితే ఇప్పుడు చెప్పలేను. నరెల్ గేటు ముందు నుంచి ఇప్పుడే నడిచి వెళ్ళింది. చెయ్యి ఊపింది.

గ్లెనిస్


కార్వల్
1 ఏప్రిల్

గ్లెనీ,

నా పేరు రాసుకున్నాను. పొయ్యి అవసరం పడలేదు.

నిన్న పొద్దున తొమ్మిదికి ఆఖరి లెక్కింపు మొదలెట్టారు. మీ ఊరికి ఫోన్‌లో అంకెలు చెప్పి ఉంటారు, కానీ నేను చూసినదాన్ని అంకెలు చెప్పవు, అందుకే కూర్చుని రాస్తున్నాను. మోకాలు వాచింది, నిలబడలేక కాదు, కూర్చోవడం మరిచిపోయాను.

ఆస్టర్లీ, లారీ డ్రైవరు పోటీలోంచి పోయాక హాడన్‌కి పదిహేడున్నర వేలు, బెర్నీకి పదకొండున్నర వేలు, నీకు తొమ్మిది వేలు. నువ్వు ఆఖరు. అంటే ఇక నీ కాగితాలు విప్పాలి. రిటర్నింగ్ అధికారి, అదే నువ్వు చెప్పిన బ్యాంకు గుమాస్తా, నీ కట్టలన్నీ బల్ల మధ్యలో పెట్టించి మూడు అట్టపెట్టెలు పెట్టించాడు. హాడన్, రట్లీ, మూడోది రెండో అంకె లేని చచ్చిన కాగితాలకి. ఆ మూడో పెట్టె పెద్దది తెచ్చాడు. నీ కార్డు ఆయనా చూశాడుగా. హాడన్ మనిషి నా వైపు చూసి కన్నుగీటాడు. నేను నా బూట్ల వైపు చూశాను.

మొదటి కాగితం: ఒకటి నువ్వు, రెండు బెర్నీ. అది సరే, ఎవరో ఒకరు ఉంటారు. రెండోది: రెండు బెర్నీ. మూడోది, ఐదు గడులూ నింపారు. నాలుగోది కూడా. గ్లెనీ, ఒక వంద అయ్యేసరికి మూడో పెట్టె అడుగు కూడా నిండలేదు. వణికే అంకెలు, కొట్టేసి మళ్ళీ వేసిన అంకెలు, స్కూలు పిల్లల్లా నిలువు గీత కింద అడ్డం గీసిన ఒకట్లు. నువ్వు అక్కర్లేదని చెప్పావు. వాళ్ళు నీ కార్డు తీసుకున్నారు, నీకు ఒకటి వేశారు, తరవాత నీ మాట పక్కన పెట్టి, నీకు తెలీని రెండోది వాళ్ళంతట వాళ్ళే వేశారు. ఎక్కడెక్కడి జనమో. రెండు వందల కిలోమీటర్ల ఎడంలో ఉన్నవాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు. ఎవరూ చెప్పలేదు, ఏ కార్డూ లేదు. ఒకటే పని.

నలభై ఏళ్ళు చూశాను ఆ బల్ల. పార్టీలు చెప్పినట్టు కాగితాలు కదలడమే చూశాను. కాగితాలు వాటంతట అవి నడవడం ఎప్పుడూ చూడలేదు. హాడన్ మనిషి కన్నుగీటడం ఎప్పుడో మానేశాడు, అతనూ నోరు కొంచెం తెరిచి చూస్తున్నాడు. లెక్కపెట్టే ఒకమ్మాయి ఒక్కో కాగితాన్నీ ఇస్త్రీ చేసినట్టు అరచేత్తో సాపు చేసి పెట్టడం మొదలెట్టింది. ఎవరూ చెప్పలేదు ఆ పిల్లకీ.

బెర్నీకి ఆరు వేల ఎనిమిది వందల డెబ్భై వెళ్ళాయి. మూడో పెట్టెలోకి పదమూడు వందల చిల్లర. మిగతావి హాడన్‌కి. ఎనభై ఓట్ల తేడాతో బెర్నీ గెలిచింది. మళ్ళీ లెక్కపెట్టారు. ఎనభయ్యే.

నువ్వు ఓడిపోయావు, గ్లెనీ. నాన్న ఉంటే నిన్ను చూసి ఎంత మురిసేవాడో అని రాద్దామనుకున్నాను. నాన్న సంగతి వదిలెయ్. నేను మురిశాను.

నా ఓటు ఎవరికి వేశానో అడగబోతున్నావు. అడగకు. చెప్పను.

క్లారీ


బిండరీ
13 జూన్, శుక్రవారం

తాతయ్యకి,

ఇలా పిలిస్తే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. నిన్న పొద్దున పది గంటలకి, బిండరీ ఆసుపత్రి పురుళ్ళ వార్డు రెండో మంచం మీద, నరెల్‌కి ఆడపిల్ల. మూడు కిలోల రెండు వందలు. పుట్టగానే ఏడ్చింది, ఒక్క క్షణం కూడా ఆగలేదు. నిన్న ఏ వారమో చూసుకో. గురువారం.

బెర్నీ అసెంబ్లీలో ఉంది. పిల్ల ఆవిడ తయారుచేసిన కుర్ర మంత్రసాని చేతుల్లో పుట్టింది. నేను తలుపు అవతల నిలబడ్డాను. తరవాత ఆ పిల్లని నా చేతికిచ్చారు. నాకు చెప్పడానికి ఏమీ లేదు, అన్నయ్యా. ఉంటే నీకు తెలిసేది, పేపర్లో వచ్చేది.

అలా అని నేను మెత్తబడ్డానని క్లబ్బులో చెప్పకు. బోర్డు వార్డుని ఒక్క ఏడాది పొడిగించింది, ఒక్క ఏడాది. మా దయ మీద బతకండన్నట్టు. వచ్చే వారం కాలమ్ దాని మీదే. రాసే ముందు తోటమాలినీ, వంటావిడనీ, బెర్నీనీ అడిగాను. బెర్నీ ఫోన్‌లో, "ఇక అరవడం మొదలెట్టు" అని నవ్వింది.

పిల్లకి పేరు కుదరలేదు. నరెల్ ఐదు పేర్లు రాసి, ఐదు గడులు గీసి, ఇంట్లో అందరికీ తలా ఒక కాగితం ఇచ్చింది. నీది దీనితో పెడుతున్నాను. అన్ని గడులూ నింపి పంపు. ఒక్క అంకె వేసి వదిలేస్తే చెల్లదట, ఈ ఇంటి చట్టం వేరట.

ఈ ఉత్తరం ఎందుకు చిన్న చిన్న ముక్కల మీద ఉందంటావేమో. నా సూచన కార్డులు సంచిలో మిగిలిపోయాయి, రెండు వందల పైచిలుకు. వెనక ఖాళీయే కదా, పారెయ్యడం ఎందుకని వాటి మీద రాస్తున్నాను. ఇక ఏడాది పాటు నీకు ఉత్తరాలన్నీ వీటి మీదే వస్తాయి.

చదివాక ఒక్కో కార్డూ తిప్పి చూడు. అచ్చులో ఉన్నది అచ్చులోనే ఉంది, దాన్ని నేను దిద్దలేను. నా పేరు ఎదుట ఒకటి, కింద "ఒక్క అంకె చాలు". కానీ రట్లీ అన్న పేరు ఎదుట గడిలో పెన్సిల్‌తో వేసిన అంకె నాది. ప్రతి కార్డు మీదా వేశాను, సంచిలో ఉన్నవన్నిటి మీదా. రెండు సాయంత్రాలు పట్టింది.

నీ చెల్లెలు,
గ్లెనీ